తూము దగ్గరి పలుగురాయి

నా చిన్నప్పుడు మా ఊళ్లో రెండు గడియారాలు ఉండేవి. ఒకటి మా ఇంటి గోడ మీద, రెండోది కుంట కట్ట మీద. ఇంట్లోదానికి తాళం తిప్పడం మరిచిపోతే ఆగిపోయేది. కట్ట మీదిది ఎండ ఉన్నంతసేపూ నడిచేది. అదొక నిలువెత్తు తుమ్మకర్ర. దాని ముందు నేల మీద వరసగా తెల్లటి పలుగురాళ్లు. ఒక్కో రాయి ఒక్కో పొలానిది. కర్ర నీడ కొస వెళ్లి ఎవరి రాయిని తాకితే వారి పొలానికి నీళ్లు ఆగిపోయేవి, తరువాతి పొలానికి మొదలయ్యేవి.

మా ఊరు పాల్మాకులకు అవతల, బెంగళూరు రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. ఇప్పుడు అక్కడ నిలబడి మాట్లాడాలంటే విమానం దిగేదాకా ఆగాలి. అప్పట్లో కుంట మీద కొంగలు లేచిన చప్పుడు కూడా ఇంటిదాకా వినిపించేది.

కర్ర పాతడం, రాళ్లు పెట్టడం, తూము తీయడం, మూయడం మా ఊరి నీరటి పని. కుంట నీళ్లను పొలాలకు పంచే మనిషిని మా వైపు అలా అంటారు. ఆ పనికి ఒక కట్టుబాటు ఉండేది. కుంట కింద గుంటెడు భూమి ఉన్నవాడు కూడా నీరటి కాకూడదు. సొంత మడి ఉంటే చేయి అటే పోతుందని పెద్దల అనుమానం. అందుకని ఊరి చివరి వాడలో, భూమి లేని ఒక ఇంటికి ఆ పని తరతరాలుగా అప్పజెప్పారు. పంట నూర్చినప్పుడు ప్రతి కల్లంలోనూ ఆయనకు మేర అని కొన్ని వడ్లు పక్కన పెట్టేవారు. చిన్నప్పుడు నాకిది గొప్ప న్యాయంగా కనిపించేది. భూమి లేకపోవడమే ఆ పనికి అర్హత అయితే, ఆ ఇంటికి ఎప్పటికీ భూమి రాకుండా చూడటం ఊరికి ఎంత సులువో అప్పుడు నాకు తట్టలేదు.

ఆయన వయసు మా తాతయ్య వయసే. మా ఇంట్లో ఏడేళ్ల పిల్లలం కూడా ఆయన్ని పేరు పెట్టి, నువ్వు అని పిలిచేవాళ్లం. ఇప్పుడు రాస్తూ నీరటి తాత అంటున్నాను. అప్పుడు ఒక్కసారి కూడా అనలేదు. ఆయన మాత్రం నలుగురి ముందు నన్ను 'అమ్మా' అనేవాడు, ఎవరూ లేనప్పుడు 'బిడ్డా' అనేవాడు. దాహమేసి మా వాకిట్లోకి వస్తే, మా అమ్మ గడప దిగి వెళ్లి చెంబుతో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగేవాడు. ఊరి నీళ్లన్నీ ఆయన చేతి మీదుగా పోయేవి. ఆ చేయి మా కుండకు తగలకుండా మేం జాగ్రత్తపడేవాళ్లం.

నాకు ఆ రాళ్లంటే పిచ్చి. సెలవుల్లో తెల్లవారగానే కట్ట మీదికి పరుగెత్తేదాన్ని. నీరటి తాత నేల మీద కొంచెం నీళ్లు చల్లి, మట్టి మెత్తబడ్డాక రాయిని బొటనవేలితో నొక్కి పెట్టేవాడు. నాకు రెండు మూడు రాళ్లిచ్చి చోటు చూపించేవాడు. పొద్దుటి రాళ్లు బాగా ఎడంగా ఉండేవి, ఒక్కో వంతుకు మూడు నాలుగు మూరలు. మధ్యాహ్నం రాళ్లు పెట్టే వేళకు అన్నానికి రమ్మని ఇంటి నుంచి పిలుపు వచ్చేది. కాబట్టి నేను నేర్చుకున్నది పొద్దుటి నీడను మాత్రమే. సగం చదువే నా చదువంతా.

నాకు తొమ్మిదేళ్లప్పుడు వానలు ముఖం చాటేశాయి. యాసంగిలో, అంటే రెండో పంటకు, ఉన్న నీళ్లకు సరిపడా కొంచెం కొంచెమే నాట్లు వేసుకున్నారు. శివరాత్రి దాటేసరికి కుంట తూము అడుగు కన్నం దాకా దిగిపోయింది. రైతులంతా కూర్చుని, ఒక్కో పొలానికి ఒక్క ఆఖరి తడి ఇచ్చి వదిలేద్దామనుకున్నారు. చీటీలు వేసుకుంటే చివరి రోజుకు రెండు పొలాలు మిగిలాయి. మధ్యాహ్నం రాయి దాకా మాది, ఆ తరువాత కుంటలో ఉన్నదంతా పక్కింటి అక్కది.

పక్కింటి అక్కకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. అంతకుముందు ఏడాది ఆమె భర్త పాము కరిచి పోయాడు. ఇద్దరు పిల్లలు, మా పొలాన్ని ఆనుకుని కిందికి ఎకరంన్నర. ఆమె మడికి వేరే కాలువ ఉంది, ఊరి చుట్టూ తిరిగి పోతుంది. ఎండిన కాలువ తాగేదే ఒక గంట నీళ్లు. ఆ తరువాత ఇంకో గంట వస్తే వరి దక్కుతుంది. వరి అప్పుడు పాలు పోసుకుంటోంది. ఆ తడి లేకపోతే గింజ నిండదు, తాలు మిగులుతుంది. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. నాకు మాత్రం తెలియదు.

ఆ రోజు పొద్దున, ఊరికి పటేలైన మా తాతయ్య వాకిట్లో నులక మంచం మీద కూర్చుని చుట్ట చుట్టుకుంటున్నాడు. ఆయన మంచి మాటకారి. కోపంగా ఒక్క మాట అనగా నేను వినలేదు. నేను ఆయన పక్కన కూర్చుని కాళ్లు ఊపుతున్నాను. ఎవరితోనూ కాకుండా గాలితో అన్నట్టు అన్నాడు.

"రాయి జర అవతలుంటే మన పైమూల గూడ తడుస్తుండె. ఏం జేస్తం, దానికి కాళ్లు లేకపాయె."

అని నవ్వి, నా తల మీద చేయి పెట్టాడు. నేనూ నవ్వాను. కాసేపటికి జీతగాణ్ణి పిలిచి, కింది కాలువకు గండి పడ్డట్టుంది, నీరటిని తీసుకుపోయి పూడిపించమని పంపాడు.

నేను కట్ట మీదికి వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు. తూములోంచి నీళ్లు మా కాలువలోకి పోతున్నాయి. నీడ పొట్టిగా, మా రాయికి కొంచెం ఇవతల ఉంది. రాయిని పెకిలించాను. ఎంత జరపాలో ఆలోచించాను. మరీ ఎక్కువ తీసుకోవడం తప్పని నాకు తెలుసు. పొద్దుటి రాళ్ల మధ్య దూరంతో పోల్చుకుంటే ఒక మూర లెక్కలోకి రాదు. నా మోచేయి నేల మీద ఆనించి, సరిగ్గా ఒక మూర కొలిచి, అక్కడ నొక్కి పెట్టాను. తాతయ్యకు చిన్న కానుక ఇచ్చినట్టు, గెంతుకుంటూ ఇంటికి పోయాను. అన్నం తినేటప్పుడు ఎదురుగా కూర్చున్న మా తాతయ్య ఎక్కడికి వెళ్లొచ్చావని అడగలేదు. రోజూ అడిగేవాడు.

మధ్యాహ్నం నీడ మెల్లగా నడుస్తుంది. పొద్దున మూరెడు పాకడానికి చుట్ట కాల్చినంతసేపు పడితే, నడినెత్తి మీద పొద్దు ఉన్నప్పుడు అదే మూరకు గంట పడుతుంది. చిటికెడు అనుకుని నేను తీసింది అక్క వాటాలో సగం. మిగిలిన సగాన్ని కాలువ తాగేసింది.

పొద్దు వాలుతుండగా కట్ట మీద మాటలు వినిపించాయి. మా తాతయ్య కండువా వేసుకుని బయలుదేరితే నేను ఆయన వెంట పోయాను. కుంట అడుగున బురద తేలింది. చేపపిల్లలు కొట్టుకుంటుంటే కొంగలు వాలుతున్నాయి. పక్కింటి అక్క పార భుజాన వేసుకుని కాలువ గట్టు మీద నడిచి వచ్చింది. ఆమె కాళ్లకు మోకాళ్ల దాకా ఎర్రటి దుమ్ము. బురద లేదు. పొద్దుటి నుంచి మడి దగ్గర కాచుకుని ఉన్న మనిషి కాళ్లకు బురద లేకపోవడం చూసి అక్కడున్న మగవాళ్లు తలలు దించుకున్నారు.

ఆమె అరవలేదు. నీరటి తాత ముందుకు వచ్చి నిలబడింది.

"నీకు మడి లేదనే గద నీ కండ్లను నమ్మినం. పటేలు మడి నీదెప్పుడైంది?"

గండి దగ్గర నుంచి వచ్చేసరికి నీడ అప్పుడే రాయిని తాకుతోందని, తాకగానే మళ్లించానని ఆయన చెప్పాడు. గండి కూడా పెద్దది కాదు, ఎవరో పారతో రెండు పోట్లు పొడిచినట్టుందని గొణిగాడు. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఒక పెద్దమనిషి వంగి నేల చూశాడు. రాయికి మూరెడు ఇవతల, మట్టిలో రాయి అచ్చు ఉన్న గుంత ఒకటి తేలింది. పొద్దున తడి మట్టిలో నొక్కిన గుంత, ఎండకు గట్టిపడి అలాగే ఉంది. రాయి జరిగిందని అందరికీ అర్థమైంది. నీడను చూడమంటే నిద్రను చూశావా అని ఒకరు ఎగతాళి చేశారు. పటేలు ఇంట్లో ఏం వండారని ఇంకొకరు అడిగారు. కొందరు నవ్వారు.

నీరటి తాత అప్పుడే ఆ గుంత వైపు చూశాడు. గుంతకూ రాయికీ నడుమ మెత్తటి దుమ్ములో చిన్న పాదాల గుర్తులు ఉన్నాయి. ఐదు వేళ్లూ విడివిడిగా పడ్డాయి. ఆయన చూపు వాటి మీది నుంచి లేచి, మా తాతయ్య పంచె వెనక నిలబడిన నా మీద ఆగింది. తరువాత మా తాతయ్య ముఖం మీద ఆగింది. అక్కడ కొంచెం ఎక్కువసేపే ఆగింది. ఆ మీదట ఆయన మెల్లగా నడిచి వెళ్లి సరిగ్గా ఆ గుర్తుల మీద నిలబడ్డాడు. తన పెద్ద పాదాలను అటూ ఇటూ కదిపి నేలను చదును చేశాడు.

"రాయి నేనే జరిపిన పటేలా. లెక్క తప్పింది."

మా తాతయ్య భుజం మీది కండువా సర్దుకున్నాడు. ఆయన మాట్లాడతాడని నేను ఎదురు చూశాను. రాయికి కాళ్లు ఎలా వచ్చాయో ఆయనకు తెలుసు కదా అనుకున్నాను. చివరికి ఆయన ఎంతో జాలిగా, అందరికీ వినిపించేట్టు అన్నాడు.

"ముసలోడైండు. కండ్లు మసకలైనట్టున్నయి. తిట్టకుండ్రి పాపం. ఇగ ఈ పనికి వేరేటోన్ని చూసుకుందాం."

ఆ జాలికి ఊరంతా మెత్తబడింది. పటేలు మంచి మనసు గురించి ఇద్దరు ముగ్గురు అక్కడే అనుకున్నారు. నీరటి తాత తుమ్మకర్రను నేలలోంచి పీకాడు. దాన్ని, తూము తీసే ఇనుప గడను, పారను మా తాతయ్య ముందు నేల మీద పెట్టాడు. చేతికి ఇవ్వకూడదు కాబట్టి నేల మీదే పెట్టాడు. పలుగురాళ్లను ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. అవి అక్కడే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం మా తాతయ్య నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని బెల్లం ముక్క ఇచ్చాడు. "చూసినవా బిడ్డా, లెక్కల తేడా వస్తే ఎంత నష్టమైతదో. చేసే పని మీద ధ్యాస ఉండాలె," అన్నాడు. నేను తల ఊపాను. బెల్లం తిన్నాను. చాలా తియ్యగా ఉంది. ఆ రోజు సంగతుల్లో ఆ తీపి ఒక్కటే నన్ను ఇప్పటికీ సిగ్గుపెడుతుంది.

కొన్ని వారాల తరువాత నీరటి తాతను మళ్లీ చూశాను. బెంగళూరు రోడ్డు పక్కన కంకర కొడుతున్నాడు. మా ఎడ్లబండి అక్కడ ఆగినప్పుడు నేను దిగి ఆయన దగ్గరికి వెళ్లాను. సుత్తి దెబ్బకు రాయి పొడి ఆయన కనుబొమల మీద తెల్లగా పేరుకుంది. నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన సుత్తి పక్కన పెట్టాడు. చుట్టూ చూశాడు, ఎవరూ దగ్గర లేరు.

"పగటీలి నీడ మెల్లగ నడుస్తది బిడ్డా. అప్పుడు మూరెడు జరపొద్దు, బెత్తెడు గూడ శానా ఎక్కువ. నీకు అది చూపియ్యకపోతి."

నేర్పడంలో తనదే లోటు అన్నట్టు చెప్పాడు. చెప్పి, నేల మీద వేలితో రెండు గీతలు గీసి, పొద్దుటికీ మధ్యాహ్నానికీ రాళ్ల ఎడం ఎలా మారుతుందో చూపించాడు. నేను మళ్లీ అడిగాను, ఎందుకు చెప్పలేదని. ఈసారి ఆయన నా వైపు చూడలేదు.

"నీ పేరు జెప్తే నమ్మేటోల్లు ఎవలు? రాయి మూరెడే జరిగింది. నా గుడిసె ఊరు దాటి జరుగుతుండె."

ఈ సంఘటనను నేను చాలామందికి చెప్పాను. పిల్లలకు చెప్పాను, పత్రికలో నాతో పనిచేసిన వాళ్లకు చెప్పాను. ఒక చిన్నపిల్లను కాపాడటానికి తప్పు తన మీద వేసుకున్న గొప్ప మనిషి కథగా చెప్పాను. విన్నవాళ్ల కళ్లు చెమర్చేవి. స్థలం చాలనప్పుడు వార్తలో ఏ వాక్యం తీసేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదో మా ఉద్యోగంలో తెలుస్తుంది. నేను ఎన్నో ఏళ్లు ఆయన చెప్పిన ఆ చివరి మాట తీసేసి ఈ కథ చెప్పాను. అది ఉంటే ఆయన దయ కొంచెం తగ్గుతుంది, మా ఇల్లు చాలా ఎక్కువ కనిపిస్తుంది.

అక్క వరి తాలు పోయింది. పశువులకు కోసి వేసింది. మరుసటి ఏడాది ఆ ఎకరంన్నర మా పొలంలో కలిసింది. ఆమె పిల్లల్ని తీసుకుని షాద్‌నగర్ వైపు పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లేముందు మా తాతయ్యకు దండం పెట్టింది, కష్టంలో పొలం కొని ఆదుకున్నందుకు. మా తాతయ్య ఆమె పిల్లల చేతుల్లో కూడా బెల్లం పెట్టాడు.

గాలితో అన్న మాట ఒకటి. నీరటిని కింది కాలువకు పంపడం ఒకటి. ఏడాది తిరక్కుండా మా గట్టు చెరిగి కిందికి జరగడం ఒకటి. ఇలాంటి వాటిని పక్కపక్కన పెట్టి చూడటమే నా ఉద్యోగం. ఇతరుల ఊళ్లలో ఆ పని ఒక్క పూటలో చేసేదాన్ని. మా ఇంటి విషయంలో ముప్పై ఏళ్లు పట్టింది. అప్పటికి అడగడానికి మా తాతయ్య లేడు. ఆయన నన్ను పంపాడని ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. అలా చెప్పలేకుండా చేయడమే ఆయన నేర్పు.

తరువాత వచ్చిన నీరటికి కుంట కింద రెండెకరాలు ఉండేవి. పాత కట్టుబాటు ఎందుకు పోయిందని ఎవరూ అడగలేదు. ఆయన కర్ర పాతలేదు, చేతి గడియారం పెట్టుకున్నాడు. రెండేళ్లలో వంతులన్నీ తగవులయ్యాయి. ఒకరి తరువాత ఒకరు బోర్లు వేసుకున్నారు. ఎవరి నీళ్లు వాళ్లకు దొరికాక కుంట ఎవరికీ పట్టలేదు. పూడిక తీసేవాళ్లు లేరు, కట్ట మీద తుమ్మలు మొలిచాయి. విమానాశ్రయం వస్తుందన్నాక నేలకు విలువ పెరిగింది, నీళ్లకు తగ్గింది. కుంట లోపలి నేలలో కూడా ప్లాట్ల రాళ్లు పాతారు. అవి సిమెంటు రాళ్లు, వాటిని జరపడానికి పిల్లలతో పని ఉండదు.

పోయిన వానాకాలం ఊరికి వెళ్లాను. కట్ట ఇప్పుడు తారు రోడ్డు. అది ఎందుకు అలా వంకర తిరిగిందో అక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లకు తెలియదు. తూముకు కట్టిన పొడుగాటి రాయిని ఎవరో తవ్వి తెచ్చి చాయ్ దుకాణం ముందు వేశారు. విమానం సవారీల కోసం ఎదురుచూసే క్యాబ్ డ్రైవర్లు దాని మీద కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. ముందు రోజు రాత్రి పెద్ద వాన పడిందట. కింది వరస ఇళ్ల సెల్లార్లలో మోకాలి లోతు నీళ్లు. మోటార్లు పెట్టి తోడుతున్నారు. ఎన్నిసార్లు తోడినా నీళ్లు ఇక్కడికే వస్తున్నాయని ఒకాయన విసుక్కుంటున్నాడు. అది ఒకప్పుడు పక్కింటి అక్క మడి. ఆమెకు రావలసిన తడి ఎవరూ అడగని కాలంలో, ఎవరికీ అక్కరలేకుండా వచ్చింది.

చాయ్ దుకాణం నడిపే అబ్బాయి మా ఊరివాడే. నీరటి ఇంటివాళ్లు ఎక్కడున్నారని అడిగాను. కొందరు బుద్వేల్ పోయారని విన్నానన్నాడు. సరిగ్గా తెలియదన్నాడు.

"భూములున్నోల్ల పేర్లైతే కాగితాలల్ల దొరుకుతయి పెద్దమ్మా. వాళ్లయి ఏడ దొరుకుతయి?"

చాయ్ తీసుకుని ఆ తూము రాయి మీద కాసేపు కూర్చున్నాను. మధ్యాహ్నమైంది. దుకాణం బోర్డు పాతిన కర్ర నీడ రోడ్డు మీద పొట్టిగా పడి ఉంది. దాని కొస దగ్గర చెప్పు ఆనించి చూస్తూ కూర్చున్నాను. నా చాయ్ గ్లాసు చల్లబడి, రెండు విమానాలు దిగేసరికి అది బెత్తెడు కూడా జరగలేదు. నీరటి తాత రోడ్డు పక్కన దుమ్ములో గీసి చూపిన లెక్క సరిగ్గా అంతేనని నాకు తెలిసింది.

రాయి జరిపిన ఆ రోజు నుంచి ఒక అలవాటు నాతో ఉండిపోయింది. పని చేసినన్నాళ్లూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఎక్కడైనా ఏదైనా పాడైందని నలుగురు గుమిగూడినప్పుడు, ఆ గుంపులో అందరికంటే చిన్న మనిషి ముందుకొచ్చి, తప్పు నాదేనని తొందరగా ఒప్పుకుంటే, నేను ఆయన ముఖం వైపు చూడను. ఆయన ఎక్కడ నిలబడ్డాడో, ఆ పాదాల కింద ఎవరి అడుగులు చెరిగిపోతున్నాయో చూస్తాను.